కోటలకు బామ్మర్దిని రానిచ్చిన

కోడేరు నుంచి నా బామ్మర్ది ఇయ్యాల మా ఇంటికొచ్చిండు. ఫోన్ల ఆడే కోటల ఆటల ఇద్దరం ఒక్క జట్టే. పగోళ్లు ముట్టడించిండ్రు, నా కోటకు కావలి ఉంటనని బామ్మర్ది అంటే నమ్మి వాని సైన్యాన్ని లోపలికి రానిచ్చిన. వచ్చినంక వాడు పగోళ్లకు తలుపు తీసిండు. నాకు ఒక్క బురుజు మిగిలింది.

"ఏందిరా, గిట్ల చేసినవ్?" అన్న.

"ఆటల చుట్టరికం ఏంది బావా? ఓడిపోయిన అని ఒప్పుకో, అన్నం తిందాం," అన్నడు, నా మంచం మీద పండుకొనే.

లోపల్నుంచి మా ఆమె, "జల్ది ఓడిపోండ్రి, తమ్మునికి ఆకలైతుంది," అన్నది.

కూర చల్లారింది గానీ నేనింకా ఒప్పుకోలె. వాడు ఆడుతున్నది నా ఫోన్ హాట్‌స్పాట్‌తోనే. అది బంద్ చేస్తే నన్ను మోసగాడంటరా? జర చెప్పుండ్రి.