గ్లాసు మీద రెండు గీతలు

ధర్మవరంలో మా వీధి చివర నారాయణస్వామి మామ పట్టుకు రంగు అద్దేవాడు. రంగు నీళ్ళలో బొటనవేలు ముంచి, గోరు మీద చూసి, ఇంకా వేయాలో వద్దో చెప్పేవాడు. తూకాలు, కొలతలు ఆయనకు అక్కర్లేకపోయేవి. కళ్ళలో పొర వచ్చాక గోరు మీది రంగు మసకబారింది. ఆ సంగతి ఆయన బయట చెప్పలేదు. నా బడి ఆగిపోయాక ఆ ఇంట్లో కండెలకు దారం చుట్టేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఆయన కూతురు మంజుల ఏడో తరగతి పూర్తిచేసింది. పెనుకొండ హాస్టలు బడిలో సీటు వచ్చింది. సర్దిన పెట్టెనే తీసి మళ్ళీ సర్దుకునేది.

చేరాల్సిన వారంలోనే నేతపని చేసే తిమ్మప్ప వచ్చాడు. నెమలికంఠం రంగు చీర సగంలో ఉండగా అడ్డంగా నేసే పేక దారం అయిపోయిందట. దానికీ, ఆ వరసలో మిగతా చీరలకూ అదే రంగు అద్దమని కేజీ పట్టు కట్ట ఇచ్చాడు. కళ్ళ మీద నమ్మకం పోయిన మామ, కిందటిసారి రంగును కొలిచి పోసి గుర్తుపెట్టుకున్నాడు.

"ముక్కాలు కేజీకి అర గ్లాసు పోస్తి. కేజీకి ఎంత పొయ్యల్ల మంజులా?"

గడప మీద కూర్చుని మంజుల చెప్పింది. "ముక్కాలంటే మూడు పావులు గదా నాయనా. మూడు పావులకు అర గ్లాసంటే, ఒక పావుకు గ్లాసులో ఆరో వంతు. కేజీకి నాలుగు పావులు. నాలుగు ఆరో వంతులంటే మూడింట రెండు వంతులు."

"నోటితో చెప్తే నాకేం తెలుస్తాది? గ్లాసు మీద గీయి."

ప్లాస్టిక్ గ్లాసును మూడు భాగాలు చేస్తూ మేకుతో రెండు గీతలు గీసింది. ఆయన పై గీత దాకా పోశాడు.

దారం ఆరాక తిమ్మప్ప దాన్ని చీర పక్కన పెట్టి చూశాడు. బాగా నల్లబడింది.

"ఏమప్పా, చీర ఈ కొస నెమలి, ఆ కొస కాకి. నీ కూతురి లెక్కంట గదా. రంగు మాదిరే చదువూ బాగా ముదిరినట్టుండాది."

వీధిలో వాళ్ళు నవ్వారు. కళ్ళు కనిపించడం లేదని మామ ఎలా చెప్పుకుంటాడు? తెల్లారి పెనుకొండ బస్సు ఎక్కాల్సినవాడు పెట్టెను అటక మీద పెట్టేశాడు. "ఈ చదువుకు పెనుకొండ దాకా ఏమిటికి? మగ్గం నేర్చుకో" అన్నాడు. మంజుల ఏడవలేదు. బండ మీద సుద్దముక్కతో ఆ లెక్కే మళ్ళీ మళ్ళీ చేసింది. ప్రతిసారీ అదే వచ్చింది.

కొన్నాళ్ళకు మామ కొత్త పట్టు కట్ట విప్పి, సబ్బునీళ్ళలో కాచి, ఆరేసి, త్రాసులో వేశాడు. కేజీ కట్ట ముక్కాలే తూగింది. అందులో వింతేమీ లేదు. పచ్చి పట్టును కాస్తే బంక కరిగి నాలుగో వంతు బరువు పోతుందని రంగు పని ఇళ్ళలో అందరికీ తెలుసు. అయినా ఆయన త్రాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అప్పుడు ముక్కాలంటే కాచినాక. కేజీ అంటే పచ్చిది" అని గొణిగాడు. తిమ్మప్ప దారం కూడా కాచాక ముక్కాలు కేజీయే. అర గ్లాసు సరిపోయేది.

ఆ పూటే పెనుకొండ వెళ్ళాడు. సీటు వేరే పిల్లకు ఇచ్చేశారు. ఇంటికి వచ్చి ఆ గ్లాసును అలమరలో వెనక్కి తోసేశాడు; లెక్క సంగతి మంజులకు చెప్పలేదు.

మంజుల ఇప్పుడు హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పోయిన నెల మామ కంటికి ఆపరేషన్ అయితే చూడడానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. కట్టు విప్పాక ఆయన ఇల్లంతా కలియజూసి, అలమరలో నుంచి ఆ గ్లాసు తీశాడు.

"నీ లెక్క సరిగ్గానే ఉండెమ్మా. నేను చెప్పిన కేజీనే పచ్చిది."

మంజుల బెండకాయలు తరుగుతోంది. "తెలుసు నాయనా."

"ఎప్పుడు తెలిసె?"

"మగ్గం కాడ కూర్చున్న్యాక."

"మరి నాకు చెప్పకపోతివి."

"చెప్తే ఏం చేస్తాంటివి? అప్పటికి సీటు యాడుండాది?"

మంజుల ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని వెలుతురులో పట్టి చూసింది.

"పై గీత వంకరగా పడింది" అని, దాన్ని కడిగిన గిన్నెల మధ్య బోర్లించింది.