ఇప్పపువ్వు, ఈస్టు, ఒక క్లిప్పు

శుక్రవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా కాలేజీలో ఇంటర్వెల్ గంట కొట్టారు. అదే నిమిషంలో నా పరువు, ఉద్యోగం కలిసి ల్యాబు పైకప్పు దాకా ఎగిరాయి. పరువు తర్వాత దొరకలేదు. ఉద్యోగం ఎలా దొరికిందో చెబుతాను.

అప్పటికి నేను ఉట్నూర్‌లో జువాలజీ చెప్పడానికి వచ్చి ఏడు నెలలు. కాంట్రాక్టు పోస్టు. తనిఖీ అధికారి బాగుందని రాస్తేనే వచ్చే ఏడాది ఉంటాను, లేకపోతే బ్యాగు సర్దుకొని మా ఊరు హుస్నాబాద్ బస్సు ఎక్కాలి. ఆయన గ్లైకాలసిస్, అంటే కణం గ్లూకోజును విరిచి శక్తి తీసుకునే పాఠం, చూస్తానని కబురు పంపారు. బోర్డు మీద పది మెట్లు రాసి ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు అప్పుడు చాలా తెలుసు.

ల్యాబులో గ్లూకోజు డబ్బా తెరిస్తే రాయిలా గట్టిపడి ఉంది. నేను వెంటనే ఒక గంపెడు ఎండిన ఇప్పపువ్వు తెప్పించాను. దానిలో చక్కెర బోలెడు, ఇక్కడ సారా కాసేది కూడా దానితోనే. ల్యాబు అటెండర్ మహబూబ్ చాచా ఆ గంపను చూసి తల గోక్కున్నారు. పిల్లల ముందు నన్ను మేడం అనేవారు, మిగతా సమయంలో బిడ్డా అనేవారు.

"బిడ్డా, గ్లూకోజు పొట్లం గీడ అంగట్ల దొరుకుతది. తెచ్చియ్యాల్నా?"

"వద్దు చాచా. ఇది లోకల్. సార్‌కు నచ్చుతది."

"నచ్చుతది, నచ్చుతది. గొట్టంల ఇంత వేస్తే చాలు గద?"

ముప్పై ఆరుమంది పిల్లలకు పరీక్షనాళికలో ఏం కనిపిస్తుంది? ఇరవై లీటర్ల నీళ్ల క్యాను తెప్పించాను. గురువారం మధ్యాహ్నమే అందులో పువ్వు, గోరువెచ్చని నీళ్లు, ఈస్టు పోసి, రబ్బరు బిరడా బిగించాను. బిరడాలోంచి గొట్టం, గొట్టం చివర సున్నపు తేట. గ్యాస్ వస్తే తేట పాలలా మారాలి. ఆ గ్యాస్ అంతా సార్ రాకముందే వృథాగా పోతుందేమోనని గొట్టానికి క్లిప్పు పెట్టాను. పాఠకులు దయచేసి ఈ వాక్యాన్ని మళ్లీ చదవండి. నేను జువాలజీలో పీజీ చేసిన మనిషిని.

శుక్రవారం పొద్దున చాచా తెల్లని, ఉతికిన కుర్తాలో వచ్చారు. మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉంది. వచ్చీ రాగానే క్యాను చుట్టూ తిరిగారు.

"బిడ్డా, దీని పొట్ట ఉబ్బుతున్నది. జర క్లిప్పు తీయి."

"తీస్తే లోపలికి గాలి పోతది చాచా. గ్లైకాలసిస్‌కు ఆక్సిజన్ అక్కర్లేదని చూపియ్యాలె."

"లోపలి నుంచి గంత జోరుగ బయటికి తోస్తుంటే, బయటి గాలి లోపలికి ఎట్ల పోతది?"

నేను క్లిప్పును ఇంకొంచెం బిగించాను. బిగిస్తూ, "నీకు తెల్వదు చాచా" అన్నాను.

అధికారి వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. పాఠం మొదట బాగానే నడిచింది. గ్లూకోజులో ఆరు కార్బన్లు. కణం దాన్ని మూడేసి కార్బన్ల రెండు ముక్కలు చేస్తుంది. మొదట రెండు ఏటీపీలు ఖర్చు పెడుతుంది, తర్వాత నాలుగు సంపాదిస్తుంది. ఇంత పనికీ ఆక్సిజన్ అడగదు. అధికారి తల ఊపారు.

"మరి ఆ రెండు ముక్కలను ఈస్టు ఏం చేస్తుందమ్మా?"

నేను నోరు తెరిచాను. ఇంటర్వెల్ గంట మోగింది. క్యాను జవాబు చెప్పింది.

బిరడా పైకప్పుకు తగిలింది. దాని వెనకే పులిసిన ఇప్పపువ్వు లేచి, తిరుగుతున్న ఫ్యానును అందుకుంది. ఫ్యాను ఎవరికీ తక్కువ చేయకుండా అందరికీ పంచింది. వాసన గేటు దాటింది. బయట జీపు ఆపి డ్రైవర్ ఒకతను కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏందే, గీడ కాస్తుండ్రా?"

అధికారి కళ్లద్దాల మీది పువ్వు తీసి, "క్లిప్పు ఎవరు పెట్టిండ్రు?" అన్నారు.

నా కాళ్లలోని కణాలు ఆక్సిజన్ కోసం ఆగకుండా గ్లూకోజును విరుస్తున్నాయి, పరుగెత్తడానికి. అప్పటికే తలుపు వైపు ఒక అడుగు వేశాను.

"నేనే పెట్టిన సార్," అన్నారు చాచా. జీవితంలో చుక్క ముట్టని మనిషి, నమాజు కుర్తా నిండా సారా వాసనతో నిలబడి ఉన్నారు. "మేడం వద్దనే అన్నది."

నేను వెనక్కి తిరిగాను. "కాదు సార్! నేనే పెట్టిన. చాచా తీయమనే చెప్పిండు."

"మరి అబద్ధం ఎందుకు చెప్పినవ్ చాచా?" అని అధికారి అడిగారు.

"ఆమె కొత్తగ వచ్చింది సార్. నాకు నౌకరి రెండేండ్లే ఉన్నది. నన్ను తిట్టినా ఎన్ని రోజులు తిడ్తరు?"

అధికారి నవ్వారు. తడిసిన తనిఖీ పుస్తకంలో ఇలా రాశారు: "పాఠం విద్యార్థులకు పూర్తిగా అందింది. నాకు కూడా కొంత అందింది." నా కాంట్రాక్టు పొడిగించారు. చాచా ఇంటికి పోయి, తలంటు పోసుకొని, నమాజును ఆఖరి వరుసలో అందుకున్నారట.

రిటైరయ్యాక కూడా శుక్రవారం మసీదుకు పోతూ ల్యాబు కిటికీ దగ్గర ఆగేవారు. "క్లిప్పు తీసినవా బిడ్డా?" తీశానని చెప్పేదాకా కదిలేవారు కాదు. పోయిన చలికాలం చాచా చనిపోయారు. ఈ ఉద్యోగంలో తిన్న ప్రతి ముద్దలో ఆయన చెప్పిన ఆ ఒక్క అబద్ధం ఉంది.

అందుకని గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: బయటికి రావాలనుకునే దేన్నీ ఇక మూతపెట్టి దాచను. ఇప్పుడు మా ల్యాబు నుంచి నమాజుకు పోయేవాళ్లు ఎవరూ లేరు. అయినా శుక్రవారం నాడు ఈస్టు ప్రయోగం చేయడం లేదు.