ఒక్క దరువు ముందొచ్చిన ట్రాంబోన్

జమైకాలోని మా కింగ్‌స్టన్‌లో లాసెల్స్ బ్రిమ్మో అనే పోస్టుమాన్ చచ్చిపోయిన సంగీతకారుణ్ణి లేపి కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశాడు. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి కనుక పూర్తి అబద్ధం నా నోట రాదు, కాస్త సవరిస్తాను. ఆయన నిజంగా పోలేదు. సీమపనస చెట్టు కింద కునుకు తీస్తున్నాడు. అయితే ఊళ్లో అందరూ పోయాడనే అనుకున్నారు. పాత మిత్రులిద్దరు సంతాప సభలో మాట్లాడి, భోంచేసి కూడా వచ్చారు.

లాసెల్స్ ఇరవై ఆరేళ్లు ఉత్తరాలు పంచాడు. ఏ సందులో ఏ ముసలి రెగే వాద్యకారుడున్నాడో వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఉత్తరం చేతిలో పెట్టి, సంచిలోంచి టేపు రికార్డరు తీసి, "ఒక్క మాట అన్నా" అంటూ అరుగు మీద కూర్చునేవాడు. ఆ ఒక్క మాట రెండు గంటలు సాగేది. పై వీధివాళ్ల ఉత్తరాలు మర్నాడు అందేవి.

ఎన్ని అడిగినా చివరి ప్రశ్న మాత్రం ఒకటే. వీధి డాన్సులకు పాటలు వేసేవాళ్లు, పక్క వీధివాడు అదే రికార్డు వెతికి తెచ్చుకోకుండా దాని మీది పేర్లను మేకుతో గీకేసేవారు. లాసెల్స్ పద్నాలుగో ఏట సంపాదించిన రికార్డు మీదా గీతలే మిగిలాయి. ఆ పాట మధ్యలో ట్రాంబోన్ అనే పొడుగు బాకా ఒక దరువు ముందే దూసుకొస్తుంది. అది వాయించినదెవరో తనకు తెలియకుండానే ఆ తరమంతా వెళ్లిపోతుందేమోనని వాడి బెంగ.

సమాధానాలు లేక కాదు. ముప్పై రెండు మందిని అడిగితే పంతొమ్మిది మంది "నేనే" అన్నారు. వాళ్లలో ఇద్దరు డ్రమ్మర్లు. ఒక గాయని అయితే, ఆ రోజు వాయించేవాడు రాకపోతే తనే నోటితో లాగించానంది.

చివరికి, అందరూ పోయాడనుకున్న ట్రాంబోన్ వాద్యకారుడు ఫెర్డీ కూంబ్స్ పోలేదని, పోర్ట్ ఆంటోనియో పైన కొండల్లో కోళ్లు పెంచుకుంటున్నాడని ఒక ఆర్గన్ వాద్యకారుడు చెప్పాడు. నా పాత కారులో వెళ్లాం. పెద్దాయన్ని లేపి, లాసెల్స్ బ్యాటరీ పెట్టె మీద రికార్డు తిప్పాడు.

"ఇది మీరేనా పెద్దాయనా?"

"నేను కాదు."

కాదన్న ట్రాంబోన్ వాద్యకారుడు ఈయనొక్కడే. లాసెల్స్ మొహం వాడిపోయింది. రికార్డు సంచిలో పెట్టుకుంటూ, ఎవరైతేనేం, అలా ముందే రావాలన్న ఆలోచన తట్టాలంటే మహానుభావుడై ఉండాలి అని గొణిగాడు.

"ఆలోచనా నీ మొహమా. అవతల చేపలైపోతున్నాయి."

అనేసి ముసలాయన నాలుక కరుచుకున్నాడు. తర్వాత, "ఆ మిషను కట్టెయ్యి పోస్టుమానూ" అన్నాడు.

కట్టేశాక చెప్పాడు. పాట రికార్డింగు మధ్యలో ఉండగా వంటామె వేయించిన చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టిందట. పాడేవాడి పని అయిపోయింది కనుక ఒక చేప మింగి రెండోదాని మీద చెయ్యేశాడు. ఫెర్డీ ఆగలేక తన వంతు ముందే మొదలెట్టి, ముందే ముగించి, పళ్లెం మీదికి దూకాడు. పాట చివర వినిపించే 'టింగ్' పళ్లెం మీద మూత పడ్డ చప్పుడు. అదేం వాద్యమోనని లాసెల్స్ నోటుపుస్తకంలో ఆరు పేజీలు రాసి ఉన్నాడు.

"ఎవరికీ చెప్పకు నాయనా. అది తమ గొప్పదనమని యాభై ఏళ్లుగా ఎవరెవరో చెప్పుకుంటున్నారు. ఇప్పుడు నా ఆకలి అని తేలితే వాళ్లందరూ ఏమైపోవాలి?"

లాసెల్స్ గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. కొండ దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ వాడికి నవ్వే. దారిలో కారాపించి, పుల్లటి వేపుడు చేప, కర్రపెండలం రొట్టె ఇద్దరికీ కొన్నాడు. ఇంటికెళ్లాక రికార్డు మీద గీతల పక్కన చిన్న చీటీ అంటించాడు. దాని మీద ఏముందో చెయ్యి అడ్డం పెట్టి నన్ను చూడనివ్వలేదు.

మాటిచ్చింది వాడు, నేను కాదు. అందుకే రాశాను. నిన్న వాడికి చదివి వినిపించాను. కళ్లద్దాలు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

"అంతా అబద్ధం" అన్నాడు, ఆవేళ మాటిచ్చినట్టే గుండె మీద చెయ్యి వేసుకుని. "ఆ కొండల వైపు నేనెప్పుడూ వెళ్లలేదు. కూంబ్స్ ఎవరో నాకు తెలియదు. నాకు చేపలు పడవు. ఆ పాటలో ట్రాంబోన్ ముందు రాదు, సరిగ్గా రావలసినప్పుడే వస్తుంది."