రిబ్బను లేని పందెం

మొన్న ఆదివారం తెల్లవారుజామున మా మనవరాలు తన పరుగు పందెం చూడమని నన్ను బందరు రోడ్డు మీదికి లాక్కెళ్ళింది. ఉన్నది అయిదు కిలోమీటర్లే. దాని లెక్కలో అదసలు పరుగే కాదట. చలికాలంలో ఎక్కడో కొండల్లో పగలూ రాత్రీ పరిగెత్తే పెద్ద పరుగొకటి ఉందనీ, దానికి తయారవుతూ కాళ్ళలో చురుకు తగ్గకుండా మధ్యమధ్య ఇలాంటి చిన్న పందేల్లో దిగుతాననీ చెప్పింది. అంతా బాగానే ఉంది గాని, ముఖ్య అతిథిగారు రాలేదని అంతమందిని రోడ్డు మీద నిలబెట్టేశారు. "మరికాసేపట్లో విచ్చేయుచున్నారు" అని మైకులో వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి ఆయన లేకుండానే జెండా ఊపారనుకోండి, కాని నా మంట ఈనాటిది కాదు.

డెబ్భయిల్లో మా కాపురం బెజవాడ పటమటలో. నాన్న మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. అమ్మ పుట్టిల్లు బందరు. అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య, వయసులో ఉన్నప్పుడు క్రైస్తవ సభల కోసం బందరు నుంచి బెజవాడకు కాలువ గట్టు వెంట కీర్తనలు పాడుకుంటూ నడిచి వచ్చేవాడట. ఆ కథ విని విని, కాలేజీలో చేరేనాటికి నాకూ ఆ పిచ్చి పట్టింది. తాతయ్య నడిచిన దారినే నేను ఎదురు పరిగెత్తి, పొద్దు వాలేలోగా బందరు చేరాలి. అప్పటికే ఉబ్బసంతో తీసుకుంటున్న తాతయ్య, వీధి గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుంటాను, రమ్మనండి అని కబురు పంపాడు. ఇక నన్ను పట్టడం ఎవరితరం! చీకటితో లేచి, ఓణీ నడుముకు బిగించి, కాన్వాసు బూట్లు తొడుక్కుని గట్టు మీద పరిగెత్తుతుంటే, చిన్నాన్న సైకిలు హ్యాండిలుకు మజ్జిగ సీసా తగిలించుకుని వెనకాలే వచ్చేవాడు. పాలక్యాన్లతో ఎదురొచ్చేవాళ్ళు ఎవరు తరుముతున్నారమ్మా అని నవ్వేవాళ్ళు. నవ్వితే నాకేం, కొన్నాళ్ళకు కంకిపాడు దాకా పోయి రాగలిగే దమ్ము వచ్చింది.

నాన్నకు మాత్రం ఎదిగిన పిల్ల రోడ్డు వెంట బందరు దాకా పరుగేమిటని బెంగ. ఆఖరికి ఒక షరతు పెట్టారు. ఊళ్ళో యువజన సంఘం వాళ్ళు జరిపే రోడ్డు పందెంలో ఆడపిల్లల్లో ఫస్టు వస్తే, తానే సెలవు పెట్టి సైకిలు మీద నాకు తోడు వస్తారు. రాకపోతే ఆ ఊసే ఎత్తకూడదు. మగపిల్లలకు పొడవాటి దారీ, గోడగడియారం బహుమతీ. ఆడపిల్లలు సొమ్మసిల్లిపోతారని మా పందేన్ని పటమట సెంటరు దాకానే పెట్టారు, పైగా మాకు వెండి కుంకుమ భరిణె! మా ఇంట్లో దానితో పనేముంది, తెస్తే అమ్మ లవంగాలు పోసుకునేది. భరిణె ఎవరిక్కావాలి, నాక్కావలసింది బందరు.

పందెంలో మొదటినుంచీ నేనే ముందున్నాను. పటమట సెంటరు కనిపించేసరికి వెనక ఎవరి అడుగుల చప్పుడూ లేదు. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథిగారి కారొచ్చింది. ఇంకేముంది, రిబ్బను పట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులూ దాన్ని చుట్టి జేబులో కుక్కుకుని దండలు వేయడానికి పరిగెత్తారని తర్వాత తెలిసింది. జనమంతా రోడ్డుకు వీపు పెట్టి కారు వైపు తిరిగారు. రిబ్బను ఎక్కడా కనబడకపోయేసరికి, సెంటరు దాటాక కట్టారేమో అనుకుని నేను సాగిపోయాను. ఆయాసం వచ్చి ఉంటే అక్కడే ఆగేదాన్నేమో, గట్టు మీద అలవాటుపడ్డ కాళ్ళాయె! షెడ్లు అప్పుడప్పుడే లేస్తున్న ఆటోనగర్ దాటి కానూరు చేరాక, సైకిలు మీద వస్తున్న ఒకాయన చెప్పాడు.

"ఇంకా ఏం పందెం అమ్మాయ్? అక్కడ బహుమతులు కూడా ఇచ్చేస్తుంటేనూ!"

వెనక్కి పరిగెత్తాను. నా తర్వాత చాలాసేపటికి వచ్చి స్టేజీ ముందు ఆగిన పిల్ల చేతిలో భరిణె ఉంది. సంఘం కార్యదర్శిగారు మెడలో కండువా సర్దుకుంటూ, "రిబ్బను తెంపకుండా ఫస్టెలా ఇస్తామమ్మా?" అన్నారు.

"రిబ్బనుంటే గదండీ తెంపడానికి!" అన్నాను. ఆ పిల్ల మాత్రం ఏ రిబ్బను తెంపిందని? అతిథిగారు స్వహస్తాలతో ఇచ్చింది వెనక్కి తీసుకుంటే ఆయనకు అవమానమట. నాకు జరిగింది మాత్రం అవమానం కాదట!

ఇంటికొచ్చి నాన్నకు అంతా చెప్పాను. సెంటరులో ఆ జనంలోనే ఉన్నారు ఆయన కూడా. పక్కనుంచే కన్నకూతురు పరిగెత్తుకుపోతుంటే అందరితోపాటు కారు వైపు తిరిగి చూస్తున్నారు.

"మైకులో ఆ అమ్మాయి పేరే చెప్పారు గదమ్మా," అన్నారు మెల్లగా.

నా మాట కంటే మైకు మాటే ఎక్కువైంది. చిన్నాన్న ఎంత వాదించినా నాన్న షరతు షరతే అన్నారు. మంచి మనిషే, నన్నెన్నడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ ఒక్కటీ నేను ఇవ్వాళ్టికీ క్షమించలేదు. ఆ ఏడాది వానలు పడుతుండగా తాతయ్య పోయాడు. నేను బందరు బస్సులో వెళ్ళాను. వీధి గుమ్మంలో కుర్చీ అలాగే ఉంది.

ఇప్పుడు కాలువ గట్టున ఆ చల్లదనమూ లేదు, ఎవరు తరుముతున్నారని పలకరించేవాళ్ళూ లేరు. ఆడపిల్ల పరుగుకు షరతులు పెట్టే నాన్నలూ తగ్గారు, అందుకు సంతోషమే. రిబ్బను పోయి రోడ్డు మీద చాప లాంటిది పరిచారు, ఎవరు ముందొచ్చారో అదే చెబుతుందట, దండలు వేయడానికి అది లేచి వెళ్ళదు. మొన్న కూడా పిల్లలు తిరిగివచ్చే వేళకే అతిథిగారి కారొచ్చింది, జనం అటు తిరిగారు. నిర్వాహకుల్లో ఒకతను వచ్చి, "మామ్మగారూ, సార్ వచ్చారు, స్టేజీ దగ్గరికి రండి" అన్నాడు. నేను కదల్లేదు. మా పిల్ల ఆ చాప దాటేదాకా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.