సారు అడిగిన మాఫీ

మొన్న పొద్దున సూర్యాపేటలో ఆఫీసుకు తయారవుతుంటే కోదాడ నుంచి చిన్నప్పటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "మన సోషల్ సారు పోయారే," అంది. వెంటనే ఆయన ఉండే మిర్యాలగూడకు బస్సెక్కాను. దారంతా నా మీద నాకే కోపం. అదెందుకో చెప్పాలంటే ఎనిమిదో తరగతికి వెళ్లాలి.

మునగాల దగ్గర మా ఊరి బడిలో సారు పాఠం చెబుతుంటే ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన వచ్చి నా చెంప మీద కొట్టారు. నవ్వింది నేను కాదు. మర్నాడు ప్రేయర్‌లో అందరి ముందూ నా ఎదుట నిలబడ్డారు.

"నిన్న హెడ్మాస్టర్ నన్ను తిట్టిండు. ఆయన్ని ఏమనలేక ఈ బిడ్డను కొట్టిన. కోపంల సోయి లేకుండె, ఏం చేస్తున్ననో తెల్వలే అంటే అబద్ధమైతది. తిరిగి కొట్టనోల్లు ఎవరో నాకు మంచిగ తెలుసు. మాఫ్ చెయ్యి బిడ్డా."

నేను మొండిదాన్ని. నోరు విప్పలేదు. "సరే సార్ అనవే," అని తెలుగు టీచర్ గదమాయించింది. సారు ఆపారు. "జబర్దస్తిగ అనిపిస్తే మాఫీ ఎట్లయితది? ఇయ్యకుండ ఉండే హక్కు గూడ ఆమెకున్నది."

స్వేచ్ఛ గురించి తర్వాత చాలా చదివాను. కానీ కూలికి పోయే ఇంటి పిల్లకు కాదనే హక్కుందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కోపమొస్తే సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, బోరింగు దగ్గరికి పోయి మొహం కడుక్కుని వచ్చేవారు. ఒకరోజు మూడుసార్లు కడుక్కున్నారు. మేం నవ్వాపుకోలేకపోయాం. "మనిషి మారుడు ఏముండదు, జర ఆగుడు నేర్చుకుంటడు," అన్నారు తుడుచుకుంటూ.

నా కోపం పదో తరగతికల్లా పోయింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. అంత పెద్దమనిషి నా ఒక్క మాట కోసం ఆగి ఉన్నాడన్న గొప్ప నాకు బాగుండేది. సిగ్గుచేటే, కానీ నిజం. ఇవ్వకుండా ఉండే హక్కు ఆయన ఇచ్చింది. దాన్ని ఇన్నేళ్లు పట్టుకు వేలాడడం మాత్రం నా గుణం. పోయినేడాది సూర్యాపేట బస్టాండులో కలిసి చాయ్ తాగాం. పిల్లల చదువులడిగారు, మోకాళ్ల నొప్పులు చెప్పుకున్నారు, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. మాట నా నోటిదాకా వచ్చింది. ఇంతలో ఆయన బస్సొచ్చింది. ఈసారి చెబుదాంలే అనుకున్నాను.

మిర్యాలగూడలో ఆయన ఇంటి ముందు పాత విద్యార్థులు చాలామంది ఉన్నారు. త్రిపురారంలో టీచర్‌గా చేస్తున్న ఒకతను పలకరించి, నాది ఏ ఊరి బడో అడిగాడు. చెప్పాను.

"ప్రతి క్లాసుల ఒక ముచ్చట చెప్తుండె మేడం సారు. తప్పు లేకున్నా ఒక ఆడపిల్లను కొట్టిన, మాఫీ అడిగితే ఇయ్యలే, అది ఆమె ఇష్టం అని. పేరు మాత్రం ఎన్నడు చెప్పలే. మీ బడిలనే గద?"

"నేనే," అన్నాను.

"మరి ఇచ్చిన్రా మేడం?"

"ఎప్పుడో ఇచ్చిన."

"సారుకు తెల్సా?"

లోపలికి వెళ్లాను. ఆయన చెవి దగ్గరికి వంగి, "మాఫ్ చేసిన సార్," అన్నాను. పక్కనే కూర్చున్న సారు భార్యకు వినపడలేదు. ఏడుస్తున్నాననుకుని ఒక చేత్తో నా వీపు నిమిరారు. ఇంకో చేత్తో ఆయన మొహం మీద వాలుతున్న ఈగలను కొంగుతో తోలుతూనే ఉన్నారు.