బోర్డు మీద గాజు

మా కెమిస్ట్రీ మేడం బెంజీన్ బొమ్మ గీయాలంటే చేతి గాజు ఒకటి తీసేవారు. ముందు ఆరు మూలలు గీసి, లోపల గాజు ఆనించి సుద్దతో వలయం చుట్టేవారు.

"గీ వలయంల ఎలక్ట్రాన్లన్నీ కలిసి తిరుగుతయి. గందుకే దానికి గంత బలం. బ్రోమిన్ వస్తే ఒక హైడ్రోజన్‌ను పంపి జాగ ఇస్తది గానీ, గాజును పగలనియ్యది" అనేవారు.

నేను క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు. ప్రాక్టికల్ పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను అదే అడిగారు: "బ్రోమిన్ బెంజీన్‌కు వచ్చి కలవకుండా, హైడ్రోజన్ స్థానంలోకే ఎందుకు వస్తుంది?"

జవాబు తెలుసు. అయినా మేడం వైపే చూశాను. ఆవిడ పక్కనే ఉన్నా సాయం చేయకూడదు.

"తెలియదని రాసుకోనా?" అన్నారాయన.

నా చెయ్యి దానంతటదే రెండో చేతి గాజు తీసి కాగితం మీద పెట్టింది. చుట్టూ గీస్తుంటే మాట కూడా వచ్చింది. "ఊరికే కలిస్తే ఈ వలయం తెగిపోతుంది సార్."

ఆయన తలూపి మార్కులు వేశారు.

వరండాలోకి వచ్చాక మేడం వెనకాలే వచ్చి, నేను బల్ల మీద మరిచిన గాజు నా చేతికి తొడిగారు.

"గాజు మర్చిపోతే మర్చిపోయినవ్ గానీ, మస్తు చెప్పినవ్ బిడ్డా!"

ఇప్పటికీ మాట రానప్పుడు నా వేళ్లు ముందు గాజును వెతుక్కుంటాయి.