నవ్వొస్తే స్తోత్రం

బర్మాలో, యాంగోన్ నగరపు తాకేటా పేటలో శనివారం మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోతుంది. పోయేదాకా జనం కాస్త కంగారుగా ఉంటారు, పోయాక స్థిమితపడతారు. తెలుగు సంఘం ప్రార్థన మందిరం వెనకగదిలో చాపలు పరిచేది అప్పుడే. రేకుల మీద వాన అందుకుందంటే ఆ గది మెల్లగా కట్టుతాడు విప్పుకుని, పజుండాంగ్ వాగు మీదికి జారిపోతున్న పడవలా ఉంటుంది. ఆ పడవకు సరంగు ఫ్లోరెన్స్.

ఫ్లోరెన్స్ గారి వయసు నలభై ఆరు. వృత్తి: చౌక్తడాలో కోర్టు ఎదుట, గొడుగు కింద, టైపు మిషను. ఇరవై రెండేళ్లుగా యాంగోన్ ప్రజల కష్టాలు ఆమె వేళ్ల మీదుగా ప్రభుత్వానికి చేరుతున్నాయి. ఒక్కటైనా జవాబు పట్టుకుని తిరిగొచ్చిన దాఖలా లేదు. ఈ సుదీర్ఘ పరిశోధన ఫలితంగా ఆమె ఒక సిద్ధాంతానికి వచ్చింది: కష్టాన్ని అర్జీగా పెట్టుకోవడం దండగ, హాస్యంగా చెబితే విన్నవాడైనా నవ్వుతాడు. ఎక్కడెక్కడి ఆడవాళ్లో ఒంటరిగా నిలబడి, మైకు పట్టుకుని, సొంత సంసారం గుట్టు ఊరందరికీ చెప్పి నవ్వించడం ఆమె ఫోనులో చూసింది. మైకు లేదు గనక చార్జింగు టార్చి పట్టుకుంది.

దేశకాల పరిస్థితుల వల్ల ఒక్కటే చిక్కు. పదిమంది పోగై ప్రార్థన చేసుకుంటే వార్డు ఆఫీసు ఊరుకుంటుంది. పదిమంది పోగై నవ్వుకోవడానికి అక్కడ ఫారమే లేదు. అంచేత ఫ్లోరెన్స్ చెప్పేది సాక్ష్యం. సంఘపెద్ద హెరాల్డ్ తాత నియమం పెట్టాడు.

"నవ్వొస్తే నవ్వకండెహె, స్తోత్రం అనండి. బయటోళ్లకి తెలుగు రాదు గానీ, నవ్వు తెలీనోడెవుడు?"

ఆరు నెలలుగా ఇదే క్రమశిక్షణ. ఫ్లోరెన్స్ గంభీరంగా లేచి, "మా ఇంటికి కరెంటు దేవదూతలాగ వస్తాది. 'భయపడకుడి' అంటాది, మాయమైపోతాది" అంటుంది.

"స్తోత్రం" అంటారు భక్తులు, పళ్లు బిగబట్టి.

"ఎక్కడో ఢామ్మంటాది. బాంబా, ట్రాన్స్‌ఫార్మరా, గంగాభవాని పిన్ని కుక్కరా? మొదటి రెండిటికీ మనం సెయ్యగలిగిందేటీ లేదు. మూడోదైతే గిన్నట్టుకుని ఎల్లొచ్చు."

"స్తోత్రం, స్తోత్రం!" పక్కింటి గంగాభవాని హిందువు. అయినా ఆవిడ స్తోత్రమే అందరికంటే గట్టిగా వినిపిస్తుంది.

అననివాడు ఒక్కడే. గోడకు ఆనుకుని కూర్చునే నాథన్, ఫ్లోరెన్స్ తమ్ముడు. తల్లి పోయాక ఆమే పెంచింది. సైన్యంలోకి బలవంతంగా తీసుకుపోయినవాళ్లు ఏడాదిన్నర తర్వాత ఎడమ చెవి వినబడకుండా చేసి పంపించేశారు. వచ్చి ఏడు నెలలైంది. "ఊఁ", "వద్దు" తప్ప మరో మాట లేదు. ఒకప్పుడు అతనికి నవ్వొస్తే ఆపడం వీధి మొత్తానికీ చేతనయ్యేది కాదు. నిజానికి ఫ్లోరెన్స్ ఆ పదిమందికీ చెప్పడం లేదు, ఆ గోడకు చెబుతోంది.

ఆ శనివారం వానలోంచి వార్డు ఆఫీసు గుమాస్తా కో తెట్ వచ్చాడు. తడిసిన టోపీ, పొడి నోటుబుక్కు. గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. తలదాచుకోవడానికి వచ్చాడో, తలలు లెక్కపెట్టడానికి వచ్చాడో తెలియలేదు. దాచుకొచ్చిన హాస్యాన్ని ఫ్లోరెన్స్ మళ్లీ దాచేసుకుంది.

"నిజం సాక్ష్యవే సెప్పీ తల్లీ. ఇయాల నీ యేసాలొద్దు" అని గొణిగాడు హెరాల్డ్ తాత.

నిజం సాక్ష్యం ఆమె దగ్గర ఒకటుంది. ఇన్నాళ్లూ ముట్టుకోలేదు, అది తనది కాదు గనక. గోడవైపు తిరిగింది. "నాథనూ, మంగళవారం సంగతి సెప్పీనా?"

నాథన్ కుడి చెవి ఆమెవైపు తిప్పాడు.

"ఊఁ" అన్నాడు నాథన్. వద్దు అనలేదు.

"మంగళవారం ఎనకింటోళ్లు జనరేటర్ ఆన్ సేసేరు. మా తమ్ముడు మంచం కిందకి దూరిపోయేడు. అప్పని గదా, ఒగ్గేస్తానా? నానూ దూరిపోనాను. నా వొళ్లు మీకు తెలుసు. సగం పట్టింది, సగం బయటుండిపోనాది."

ఎవరూ స్తోత్రం అనలేదు.

"తీరా సూస్తే మాకంటే ముందే అక్కడ పిల్లుంది. చుట్టాలు రాత్రికి ఆగితే వార్డు ఆఫీసులో పేరు రాయించాల గదా? రాయించేరా అన్నట్టు ఎగాదిగా సూసింది. మా తమ్ముడు, ఆ వణుకులోనే, జేబులోంచి రిజిస్ట్రేషన్ కార్డు తీసి దానికి సూపించేడు. అది వాసన సూసి, ఉండమంది. నా కార్డు బీరువాలో ఉండిపోనాది. నన్ను బయటకి పొమ్మంది."

మొదట రేకుల మీద వాన తీరు మారిందనుకున్నారు. తర్వాత తెలిసింది. గోడ దగ్గర నాథన్ నవ్వుతున్నాడు. వెనకటి నవ్వే. ఎక్కడో దూరపు రేవులో విడిచిన పడవ ఇన్నాళ్లకు ఒడ్డు తగిలినట్టు, ఊగి ఊగి.

కో తెట్ పెన్ను లేచింది. ఏమిటిది, అన్నాడు బర్మా భాషలో.

హెరాల్డ్ తాత అంత్యక్రియల ముఖం పెట్టుకుని లేచాడు. "యుద్ధం నుంచి వచ్చాడు బాబూ, ఏడుస్తున్నాడు. మా తెలుగువాళ్ల ఏడుపు ఇలాగే ఉంటుంది" అన్నాడు స్వచ్ఛమైన బర్మా భాషలో.

కో తెట్ గదంతా కలియజూశాడు. గంగాభవాని పిన్ని ముందుగా ఏడవడం మొదలుపెట్టింది, పొట్ట పట్టుకుని. ఆమె వెనక ఆరు నెలల బాకీ కొద్దీ అందరూ ఏడ్చారు. హెరాల్డ్ తాత కళ్లజోడు జారిపోయేలా ఏడ్చాడు. కో తెట్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, మర్యాదగా తల వంచాడు.

ఆ దుఃఖసముద్రం మీదుగా నాథన్ గొంతు వచ్చింది, రొప్పుతూ.

"సగవేటప్పా... పావే పట్టేవు!"

ఫ్లోరెన్స్ టార్చి రెండు చేతులా పట్టుకుంది.

"స్తోత్రం" అంది.